ఆకుపచ్చ పెయింటు, ఎర్ర నూనె

కాదండీ, తప్పు ఫోనుది కాదు. మూడేళ్ళుగా ఇదే మాట వింటున్నాను. అమలాపురం నుంచి రాజోలు దాకా ఏ మెకానిక్కుని అడిగినా నన్ను "ఫోన్ చూసి బండి ముంచిన పిల్ల" అనే అంటాడు. ఫోన్లో రాసి ఉన్నది అక్షరాలా నిజం. నేను దాన్ని సరిగ్గానే చదివాను. బానెట్ ఎత్తితే నా కళ్ళకి కనపడింది కూడా సరిగ్గా అదే. ఇన్ని నిజాలు పెట్టుకుని కూడా బండి ఎలా మునిగిందో చెప్తాను. విన్నాక తిట్టాలనిపిస్తే తిట్టండి, నాకేం కొత్త కాదు.

ముందు ఒక సంగతి. నేను ఈ పని నుంచి రిటైరయ్యాను. ఇరవై తొమ్మిదేళ్ళకి రిటైర్మెంటేంటని నవ్వకండి. మా వర్క్‌షాపు ఉన్న షెడ్డు పడగొట్టి ఏసీ ఫంక్షన్ హాలు కట్టారు. ఆరేళ్ళు నేను వెల్లకిలా పడుకుని మొహం మీద నూనె కార్పించుకున్న చోట ఇప్పుడు పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేస్తున్నారు. నేను హైదరాబాద్ తిరిగొచ్చి కరెంటు స్కూటర్ల షోరూమ్‌లో చేరాను. ఇక్కడ ల్యాప్‌టాప్ తగిలిస్తే ఏ డబ్బా పోయిందో అదే చెబుతుంది. పాత డబ్బా తీసి కొత్త డబ్బా పెడతాం, కస్టమర్‌కి నవ్వుతూ తాళం ఇస్తాం. ఇది ఉద్యోగం. రిపేరు మాత్రం కాదు. కాబట్టి రిపేరు నుంచి నేను రిటైరైనట్టే.

ఇప్పటికీ వారానికి ఒకరైనా మెసేజ్ పెడతారు: అక్కా, పాత కార్ల పని నేర్చుకోవాలని ఉంది, ఏ కోర్సు చెయ్యాలి. కోర్సు సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక బాసు, ఒక బండి, ఒక పెద్ద తప్పు. అవే రాస్తున్నాను.

బుల్లబ్బాయి గారి టీ

మా బాసు బుల్లబ్బాయి గారు. అరవై దాటిన మనిషి. కువైట్‌లో ఒక షేకు గారి పాత కార్ల గ్యారేజీలో ఇరవై ఏళ్ళు పని చేసి, తిరిగొచ్చి, అమలాపురం దాటాక రాజోలు రోడ్డు మీద కొబ్బరి పీచు షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నారు. పాత విదేశీ కార్లు తప్ప ఇంకేవీ ముట్టుకోనని బోర్డు రాయించారు. కోనసీమలో ఆ బళ్ళెవరికున్నాయని అందరూ నవ్వారట. యానాం పక్కనే ఉందని వాళ్ళు మర్చిపోయారు. ఫ్రెంచి పెన్షన్ల వాళ్ళు పాండిచ్చేరి నుంచి తెచ్చుకున్న బళ్ళు, రైసు మిల్లుల గొడౌన్లలో బస్తాల వెనక నిద్రపోతున్న బళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తర్వాత వైజాగ్ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా లారీల మీద వచ్చేవి.

నేను కూకట్‌పల్లిలో పెరిగి, ఇంజనీరింగు చదివిన దాన్ని. హారన్ మోగనిదే ముందు బండి కదలదని పుట్టుకతో తెలుసు నాకు. అలాంటి నేను వెళ్ళి అసలు గొంతెత్తని మనిషి దగ్గర పనికి చేరాను. ఎవరేం అడిగినా ఆయన జవాబు "ఆయ్, అలాగేనండి." ఆదివారానికి బండి ఇచ్చేస్తారా అంటే ఆయ్. రొయ్యల చెరువులున్న ఒకాయన పాత బండి కొని తెచ్చి, అంతా ఒరిజినల్‌గానే ఉండాలి కానీ టచ్ స్క్రీను, వెనక కెమెరా, పైన అద్దం కప్పు కావాలన్నాడు. ఆయ్ అన్నారు. నేను అది నిజంగా ఒప్పుకోవడం అనుకుని కెమెరాల రేట్లు వెతికి లిస్టు రాశాను. ఆ బండి ఎనిమిది నెలలు ఒక్క స్క్రూ కదలకుండా మా షెడ్డులో నిలబడింది. చివరికి విసుగొచ్చి ఆయనే అమ్ముకున్నాడు. "ఆయ్" అంటే మీరు చెప్పింది నా చెవిన పడిందని మాత్రమే. ఇది తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది.

ఆయనకి ఇంకో అలవాటుంది. కొత్తగా ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తరు. ఆ బండి ఇన్నాళ్ళూ నడిపిన మనిషిని పిలిపించి, బల్ల మీద కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు. గంటా గంటన్నర కబుర్లు. కొబ్బరి చెట్లకి తెల్లదోమ పట్టిందా, కాలవకి నీళ్ళొదిలారా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి. బండి ఊసే ఉండదు. నేను పక్కన నిలబడి వాచీ చూసుకునేదాన్ని. ఇది కస్టమర్లని మంచి చేసుకునే పద్ధతి అనుకున్నాను. ఎందుకిలా చేస్తారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇద్దరి తప్పూ అక్కడే మొదలైంది.

లేచి నిలబడే బండి

ఎస్తేరమ్మ గారిది మలికిపురం దగ్గర ఒక ఊరు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. వాళ్ళాయన డాక్టరు. ఆయన యానాంలో ఉండగా, పాండిచ్చేరిలో ఉద్యోగం చేసి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర ఫ్రెంచి కారొకటి తీసుకున్నారు. డాక్టరుగారు పోయాక ఎనిమిదేళ్ళుగా అది షెడ్డులోనే ఉంది.

ఆ బండి సంగతి చెప్పాలి. అరవై ఏళ్ళ కిందటిది. చూడటానికి నీళ్ళలోంచి తల బయటపెట్టిన చేపలా ఉంటుంది. దానికి స్ప్రింగులు లేవు. ఒక్కో చక్రం దగ్గర కొబ్బరికాయంత ఇనప గుండు ఉంటుంది. ఆ గుండులో ఒక పక్క గ్యాసు, ఒక పక్క నూనె, మధ్యలో రబ్బరు పొర. ఇంజను తిరిగితే పంపు నూనెని తోస్తుంది, నేలకి ఆనుకుని ఉన్న బండి మెల్లగా లేచి నిలబడుతుంది. గుంతలో పడ్డా లోపల కూర్చున్న మనిషికి తెలీదు. బ్రేకు, స్టీరింగు, గేరు, అన్నిటికీ అదే నూనె. మన శరీరానికి రక్తం ఎలాగో దానికి నూనె అలాగ.

ఎస్తేరమ్మ గారికి నడుం పూసలు అరిగిపోయాయి. కొత్త కార్లలో పది నిమిషాలు కూర్చోలేరు. మన రోడ్ల మీద ప్రతి బడ్డీ కొట్టుకీ ఒక స్పీడు బ్రేకరు ఉంటుంది కదా, ఒక్కోటి దాటినప్పుడల్లా ప్రాణం పోతుందట. రెండేళ్ళుగా ఇంట్లోంచి కదల్లేదు. ఆ ఫ్రెంచి బండిలో మాత్రం కూర్చోగలనని ఆవిడ నమ్మకం.

ఎక్కడికెళ్ళాలని అడిగితే రామచంద్రపురం అన్నారు. అక్కడ వాళ్ళక్క రూతమ్మ గారు ఉన్నారు. ఆవిడకి ఎనభై మూడు. రోజూ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు ఫోన్లో పోట్లాడుకుంటారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు గోదాట్లో ఈత నేర్పింది ఎవరికి అన్నది తగాదా. నాకంటే నాకని డెబ్భై ఏళ్ళుగా నడుస్తోంది. బండిని లారీ ఎక్కించిన రోజు నేను మలికిపురం వెళ్ళాను. వీధి అరుగు మీద కూర్చుని ఆవిడ నాతో అన్నారు:

"అక్క ఫోన్లో ఓడిపోతాననుకోగానే కట్ చేసేస్తది. ఎదురుగా కూర్చుంటే ఎలా కట్ చేస్తదో చూస్తాను. దాని కళ్ళు రోజురోజుకీ మసకేసిపోతన్నాయమ్మాయ్. ఆపరేషనుకి లొంగే జబ్బు కాదంట. పూర్తిగా పోకముందు నా మొహం చూస్తా ఒప్పుకోవాలి. తొందరగా చేసిపెట్టు."

ఒక బండిని ఇంత స్పష్టమైన కారణంతో రిపేరుకి ఇచ్చిన కస్టమర్‌ని ఆరేళ్ళలో నేనింకొకర్ని చూడలేదు. మిగతా వాళ్ళంతా ఫొటోల కోసం ఇచ్చినవాళ్ళే.

మూడు రోజులు నేనే బాసు

బండి వచ్చిన మర్నాడు బుల్లబ్బాయి గారు భార్యకి ఆపరేషనని కాకినాడ వెళ్ళారు. వెళ్తూ నాకు చెప్పిన మాట ఇది:

"ఇంజనీరుగారూ, డ్రైవరు వీర్రాజుగారు వస్తారు. టీ ఇప్పించండి. నేనొచ్చేదాకా బానెట్టు ఎత్తొద్దండి."

నేను ఆయ్ అన్నాను. అరగంటలో బానెట్ ఎత్తాను. ఆయన భాష నాకూ వచ్చేసింది కదా.

వీర్రాజు గారు డాక్టరుగారి బండి నలభై ఏళ్ళు నడిపిన మనిషి. డెబ్భై ఏళ్ళుంటాయి. బండి మూలన పడ్డాక కూడా నెలకోసారి వెళ్ళి, హ్యాండిల్ వేసి ఇంజనుని చేత్తో తిప్పి వచ్చేవారట, బిగుసుకుపోకుండా. మలికిపురంలో పొద్దున్న బస్సెక్కి, టిఫిన్ డబ్బాతో వచ్చి, సాయంత్రం దాకా మా బల్ల మీద కూర్చున్నారు. టీ ఇప్పించాను. అంతవరకు బాసు మాట నిలబెట్టాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పనిలో పడ్డాను. ఆయన రెండు మూడుసార్లు లేచి వచ్చి "పాపగారండీ, ఒక మాట" అన్నారు. నేను ఒక్క నిమిషం అని వేలు చూపించాను. ఆ నిమిషం రెండు రోజులు నడిచింది.

ఇక నూనె సంగతి. ఆ కంపెనీ మొదట్లో ఎర్ర నూనె వాడేది. అది తడి పీల్చి లోపల తుప్పు పట్టిస్తోందని, తర్వాత కొన్నేళ్ళకి ఆకుపచ్చ నూనెకి మారింది. రెండిటికీ రబ్బర్లు వేరు. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే రబ్బర్లు ఉబ్బి మెత్తబడిపోతాయి. పొరపాటు జరక్కుండా కంపెనీయే ఒక గుర్తు పెట్టింది: ఎర్ర నూనె బండిలో సామాన్లకి నల్ల రంగు, ఆకుపచ్చ నూనె బండిలో సామాన్లకి ఆకుపచ్చ రంగు. ఇదంతా ఒక విదేశీ మెకానిక్కు ఫొటోలతో సహా రాసిపెట్టాడు. నేను ఫోన్ని బానెట్ అంచున ఆనించి పోల్చి చూశాను. గుండ్లు ఆకుపచ్చ. పంపు ఆకుపచ్చ. గొట్టాల బిగింపులు ఆకుపచ్చ. బండిలోని నూనె డబ్బా అడుగున ఎండిపోయిన నల్ల మడ్డి తప్ప ఇంకేం లేదు. ఇంకేం కావాలి? షాపులో ఆకుపచ్చ నూనె ఉంది. పోసేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఇంజను అందుకుంది. మొదట వెనకభాగం లేచింది, ఆ తర్వాత ముందుభాగం. ఎనిమిదేళ్ళు పడుకున్న బండి ఒళ్ళు విరుచుకుని నిలబడింది. నేను రీల్ తీస్తున్నాను. వీర్రాజు గారు లేచే బండిని చూడటం లేదు. నా కాళ్ళ దగ్గరున్న ఖాళీ డబ్బా వైపు చూస్తూ "పాపగారండీ, ఆ నూనె..." అని ముందుకొచ్చారు. ఫ్రేమ్‌లోకి వస్తున్నారు, కొంచెం పక్కకి జరగమన్నాను.

ఆయన జరిగారు. రీల్ బ్రహ్మాండంగా వచ్చింది. నా జీవితంలో ఏ రీల్‌కీ అన్ని లైకులు రాలేదు. అది ఇంకా ఉంది, నేను తీసెయ్యలేదు. చివర్లో ఒక పెద్దాయన చెయ్యి అంచులోంచి తప్పుకోవడం కనిపిస్తుంది, చూసుకోండి.

గోటితో గీకితే

బుల్లబ్బాయి గారు తిరిగొచ్చేసరికి బండి కాలవలో గేదె కూర్చున్నట్టు చతికిలబడి ఉంది. నేలంతా నూనె. ఏ రబ్బరు దగ్గర చూసినా కారుతోంది. ఆ బండికి పెడల్ బదులు ఉండే బ్రేకు బటన్ నొక్కితే లోపలికి పోయి రావడం లేదు.

ఆయన కాకినాడ బస్సు దిగి వచ్చిన చొక్కాతోనే వంగి, పంపు మీద రంగుని బొటనవేలి గోటితో గీకారు. ఆకుపచ్చ పెచ్చు ఊడింది. దాని కింద ఇంకో ఆకుపచ్చ. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి ఇంకా గీకారు. చెట్టు మానులో వలయాల్లా పొర కింద పొర, అన్నీ ఆకుపచ్చే. అన్నిటికన్నా అడుగున నలుపు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది ఎవరేశారో ఒక్కరికే తెలిసి ఉంటుంది. బల్ల మీదున్న వీర్రాజు గారి దగ్గరికి వెళ్ళి, పెద్దంతరం చిన్నంతరం లేకుండా అరిచాను. ఈ రంగు ఎవరేశారు, మూడు రోజుల్నుంచి ఇక్కడే ఉన్నారు కదా, చెప్పడానికి నోరు లేదా అన్నాను.

ఆయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి నెమ్మదిగా అన్నారు: "చెబుదామనే కూర్చున్నానండి."

ఈ వృత్తిలో నాకు తగిలిన దెబ్బ అదొక్కటే. వేళ్ళు నలిగాయి, తల పగిలింది, అవి లెక్కలోకి రావు.

బుల్లబ్బాయి గారు మూడు టీలు తెప్పించారు. వీర్రాజు గారి పక్కన కూర్చుని ఊళ్ళో వానల సంగతి అడిగారు. తర్వాత నావైపు తిరిగి, నా ఫోన్లో ఎస్తేరమ్మ గారికి మొహం కనిపించేటట్టు కలపమన్నారు. ఆవిడది బటన్ల ఫోను. పక్కింటి వాళ్ళ ఫోనుకి చేసి పిలిపించాం. ఆవిడ ముందు వీర్రాజు గారు నేల చూపులు చూస్తూ చెప్పిన మాటలివి:

"ఆ రంగు నేనే ఏసేనండి. ప్రతీ దసరాకీ ఏసేను. మా అన్నయ్య చేలో నీళ్ళ ఇంజనుకి ఏయగా మిగిలిన రంగండి. దసరాకి పనిముట్టుకి పూజ చెయ్యకపోతే నాకు స్టీరింగు మీద చెయ్యాడదండి. తవరేమో ప్రభువుని నమ్ముకున్నోరు. తవరి బండికి పసుపూ కుంకం పెడితే బాగోదు గదండీ. అందుకని బానెట్టు కింద ఎవరికీ కనపడకుండా ఓ చెయ్యి రంగేసి, మనసులో దణ్ణం పెట్టుకునేవోణ్ణండి."

ఫోన్లో ఎస్తేరమ్మ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"నాకు తెలీదనుకున్నావేంటి వీర్రాజూ? దసరా ఎల్లిన ఆదివారం చర్చికి బయల్దేరితే బండంతా పెయింటు కంపు. డాక్టరుగారు కిటికీ దింపుకుని నవ్వుకునేవారు."

"మరి ఎప్పుడూ అడగలేదేంటండి?"

"అడిగితే మానేసేవోడివి. మానేస్తే నీకు చెయ్యాడదు. బండిలో వెనక కూర్చునేది నేను గదా." ఆ తర్వాత నావైపు చూశారు. "అమ్మాయ్, ఆ గొడవొదిలెయ్. నా బండి లేస్తదా, లేవదా? నిన్న అక్కకి గోడ గడియారం కనపళ్ళేదంట."

మీకిప్పుడు అర్థమై ఉండాలి. ఆ విదేశీ మెకానిక్కు రాసింది తప్పు కాదు. కానీ నమ్మకం పోగొట్టుకోకుండా, యజమానురాలి మనసు నొప్పించకుండా, ఇంజను మీద రంగు పూసి పూజ చేసుకునే మనిషి ఒకడుంటాడని, ఆ సంగతి తెలిసీ తెలీనట్టు నటించే యజమానురాలు ఇంకొకరుంటారని అతనికెలా తెలుస్తుంది? అది మన దగ్గర మాత్రమే జరుగుతుంది. ఏ పుస్తకంలోనూ ఉండదు. బల్ల మీద కూర్చుని ఉంటుంది, టిఫిన్ డబ్బాతో.

నలభై ఒక్క రబ్బర్లు

బుల్లబ్బాయి గారు నన్ను తిట్టారంటే తిట్టారు. ఒక్కసారే. పంపు విప్పుతూ, తల ఎత్తకుండా అన్నారు: "మీరు చదివింది తప్పు కాదండి ఇంజనీరుగారూ. అది రాసినాయన మన వీర్రాజుగారిని చూళ్ళేదు. అంతేనండి."

నేను కూడా ఒక మాట అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. టీ ఎందుకో ఆయన నాకు మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. పెద్ద పనివాళ్ళందరికీ ఉన్న రోగం ఇది. తమకి తెలిసింది గాల్లో ఉంటుందని, పక్కన నిలబడితే ఒంటికి అంటుకుంటుందని అనుకుంటారు. అంటుకోదు. కారణం చెప్పని మర్యాద కూడా ఒక రకం నిర్లక్ష్యమే. ఆయన మొహం మీదే ఈ మాట అన్నాను. ఆయ్ అన్నారు. కానీ ఆ మర్నాటి నుంచి ప్రతి నట్టూ ఎందుకు విప్పుతున్నారో గొణుగుతూ విప్పారు. అంటే ఆ ఆయ్ నిజంగా ఒప్పుకోవడమే. ఆరేళ్ళలో అదొక్కటే.

బండిలో నూనె తగిలే రబ్బర్లు నలభై ఒకటి. అన్నీ పోయాయి. గుండ్లలో పొరలూ పోయాయి. గొట్టాలన్నీ విప్పి, స్పిరిట్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టాం. కొత్త రబ్బర్లు కువైట్‌లో బుల్లబ్బాయి గారితో పని చేసిన ఒక మలయాళీ ఆయన సంపాదించాడు. రాజోలు మనిషొకరు సెలవు మీద వస్తూ, సూట్‌కేసులో పాలపొడి డబ్బాల మధ్య పెట్టుకుని తెచ్చారు. మా కోనసీమకి అంతకంటే నమ్మకమైన కొరియర్ లేదు. ఎర్ర నూనె పాండిచ్చేరిలో దొరుకుతుందని వీర్రాజు గారే చెప్పారు. డాక్టరుగారు అక్కణ్ణుంచే తెప్పించేవారట. ఎనిమిదేళ్ళ కిందటి చిరునామా ఆయన నోటికి చెప్పారు. నేను వెతికితే ఫోన్లో ఆ షాపు అసలు లేదు. ఉత్తరం రాశాం. నూనె వచ్చింది.

మొత్తం రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఎస్తేరమ్మ గారు రోజూ ఫోన్ చేసి వాళ్ళక్క కళ్ళ వార్త చెప్పేవారు. ఇవాళ పేపర్లో పెద్దక్షరాలు కూడా కనపళ్ళేదంట. ఇవాళ పనమ్మాయిని చూసి కోడలనుకుందంట. నేను ప్రతి రబ్బరు రెండుసార్లు తుడిచి, రెండుసార్లు చూసి వేశాను. పొద్దున్న గంటసేపు వీర్రాజు గారితో బల్ల మీద కూర్చునేదాన్ని, చెవుల్లో ఏమీ లేకుండా. ఎడమ వెనక చక్రం ఎప్పుడూ ముందు కుంగుతుందని, వానాకాలంలో బ్రేకు ఒక వెంట్రుక వాసి ఆలస్యంగా పడుతుందని, అన్నీ చెప్పారు. మాన్యువల్లో ఒక్కటీ లేదు.

పాత రంగు మొత్తం గీకించి నల్ల రంగు వేద్దామన్నాను. ఎస్తేరమ్మ గారు ఒప్పుకోలేదు. ఆ పూజలన్నీ అలాగే ఉండనీ అన్నారు. సరే, నాలాంటి ఇంకో తెలివైనది ఎవరైనా వస్తే? అమలాపురం నుంచి బోర్డులు రాసే ఆయన్ని తెచ్చి, నూనె డబ్బా మీద, పంపు మీద, నాలుగు గుండ్ల మీద తెల్లటి అక్షరాలతో రాయించాను: ఎర్ర నూనె మాత్రమే.

కోటిపల్లి రేవు దాటి

బండి లేచింది. ఈసారి రెండు వారాలు ఊరికే నిలబెట్టి చూశాం. చుక్క కారలేదు.

వీర్రాజు గారు స్టీరింగు పట్టారు. పనిముట్ల పెట్టెతో నేను పక్క సీట్లో. వెనక ఎస్తేరమ్మ గారు, ఆవిడ చేతిలో నా ఫోను. బయల్దేరగానే లాక్కున్నారు. వాళ్ళక్కకి ఫోన్ చేసి దారంతా పోట్లాడుతూనే ఉన్నారు. బోడసకుర్రు వంతెన మీద ఎక్కడిదాకా వచ్చావని అక్క అడిగితే, కనపడనిదానికి నీకెందుకని ఈవిడ. అమలాపురం దాటాక ముక్తేశ్వరం రేవులో, బళ్ళని గోదారి దాటించే పంటు ఎక్కాలి. పంటు మీదకి వేసిన బల్లలు నిట్టనిలువుగా ఉన్నాయి. వీర్రాజు గారు మీట లాగితే బండి జానెడు పైకి లేచి, పొట్ట తగలకుండా ఎక్కేసింది. పంటు మీద ఉన్న వాళ్ళంతా ఫోన్లు తీశారు. నా చేతిలో మాత్రం ఫోన్ లేదు.

నేను స్పీడు బ్రేకర్ల దగ్గర వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూస్తూ వచ్చాను. మొదటి పదింటికీ ఆవిడ ముందుగానే కళ్ళు మూసుకుని సీటు గట్టిగా పట్టుకున్నారు. ఆ తర్వాత పట్టుకోవడం మర్చిపోయారు. కోటిపల్లి దాటాక ఒక పెద్దది వచ్చింది. ఆవిడ ఆ సమయానికి అక్కని అబద్ధాలకోరు అంటున్నారు. మాట మధ్యలో తెగలేదు.

రామచంద్రపురంలో రూతమ్మ గారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎస్తేరమ్మ గారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, నేరుగా వెళ్ళి, ఆవిడ మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టారు.

"కనపడతన్నానా?"

రూతమ్మ గారు చాలాసేపు చూశారు. చెయ్యెత్తి చెల్లెలి బుగ్గ తడిమారు. "కనపడతన్నావు. ముసిల్దానివైపోయేవు."

"అది తర్వాత. నాన్నగారు ఈత ఎవరికి నేర్పేరు?"

"ఇద్దరికీ నేర్పుదామనే తీసుకెళ్ళేరే. నువ్వు నీళ్ళు చూసి ఏడిచి ఒడ్డునే కూచున్నావు."

ఎస్తేరమ్మ గారు ఇంకో కుర్చీ తెప్పించుకున్నారు. అప్పటికి పదకొండు. మేము భోజనాలు చేసి, వీర్రాజు గారు ఒక కునుకు తీసి లేచినా ఆ గొడవ తెమల్లేదు.

మార్కులు

ఆ తర్వాతి చలికాలం ఎస్తేరమ్మ గారి మేనల్లుడు ముచ్చటపడి ఆ బండిని వైజాగ్‌లో పాత కార్ల పోటీకి పెట్టాడు. జడ్జిగారు తెల్ల గ్లవ్స్ వేసుకుని వచ్చారు. బానెట్ ఎత్తి, ఆకుపచ్చ పొరలు చూసి, తెలుగు అక్షరాలు చూసి, కంపెనీ వేసిన రంగు కాదు కాబట్టి ఇది సరైన రిపేరు కాదని కాగితం మీద రాశారు. మొదటి బహుమతి పక్కనున్న ఎర్రబండికి వెళ్ళింది. అది లారీ మీద వచ్చింది, లారీ మీదే వెళ్ళింది. టైర్లకి దుమ్ము అంటకుండా కింద తివాచీ వేశారు. మా బండి మలికిపురం నుంచి సొంత చక్రాల మీద వచ్చింది, దోమలు అంటుకున్న అద్దంతో సహా. నేను జడ్జిగారితో పెట్టుకున్న గొడవ ఇక్కడ రాయను. ఆ ఆవరణలోకి నన్ను మళ్ళీ రానివ్వరని మాత్రం చెప్తాను.

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలూ, మీకు అలాంటి కాగితాలు చాలా ఇస్తారు. ఫోన్ దగ్గరే పెట్టుకోండి, అందులో చాలా నిజాలుంటాయి. కానీ బల్ల మీద కూర్చున్న మనిషిని కూడా చదవండి. ఎస్తేరమ్మ గారు ఇప్పటికీ నెలకో శనివారం రామచంద్రపురం వెళ్తున్నారు. రూతమ్మ గారికి ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప తెలీదు. బండి శబ్దం వినగానే గొంతు సవరించుకుని గుమ్మంలోకి వస్తారట. రెండేళ్ళు ఇల్లు కదలని మనిషి అన్ని గుంతలూ, ఒక గోదారీ దాటి వెళ్ళి, దిగీ దిగగానే పోట్లాటకి సిద్ధంగా ఉంటే, ఆ బండి సరిగ్గా రిపేరు కాలేదని నా మొహం మీద చెప్పగలవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?